లాడ్జి మిద్దె మీద ఒంటి గది

నాకు లాడ్జీలంటే గిట్టదు. పెళ్ళికి పోయినా, ట్రైనింగుకు పోయినా, "టీచరమ్మకు మంచి రూము చూసి ఇయ్యండప్పా" అని ఎవరైనా అంటే చాలు, నా ముఖం మాడిపోతుంది. తెల్ల దుప్పటి, గోడకు అద్దం, తలుపు వెనక చొక్కా తగిలించుకునే మేకు, ఫినాయిల్ వాసన. ఏ ఊళ్ళో అయినా ఒకటే. నన్ను చదివించింది కూడా లాడ్జీయే. ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను, దాచుకునేదేముంది? చదివించినంత మాత్రాన గిట్టి తీరాలని ఎక్కడా లేదు కదా.

మా ఊరు ఆళ్ళగడ్డకు లోపల. బస్సు దిగి నల్లరేగడిలో నడవాలి. వాన పడిందంటే చెప్పులు చేతిలోకి వస్తాయి. బడి ఏడో తరగతి వరకే ఉండేది. మా నాయన కూలికి పోయేవాడు. ఆదివారం మాత్రం తెల్లపంచ కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు, ఊరికి పెద్ద తానే అన్నట్టు. ఇల్లు ఒకే గది మట్టిమిద్దె. పొద్దు మునిగితే అందరం ఒక వరసలో పడేవాళ్ళం. గోడవార అవ్వ, అవ్వ పక్కన నేను, నా పక్కన చెల్లెలు, తరువాత తమ్ముళ్ళు, అమ్మ, వాకిలికి అడ్డంగా నాయన. అవ్వ గురక పెట్టేది. చెల్లెలి కాలు నా కడుపు మీద ఉండేది. గోడ అవతల మేక నెమరు వేస్తుండేది. నిద్ర అంటే ఇదే అనుకున్నాను. వేరే రకం నిద్ర ఒకటి ఉంటుందని నాకెవరు చెప్పారు!

నన్ను చదివించిన లాడ్జి యజమానిది మా ఊరే. భూములున్న ఇల్లు. తాను నంద్యాలలో బస్టాండు దగ్గర లాడ్జి కట్టుకుని అక్కడే స్థిరపడిపోయాడు. ఎండాకాలంలో పొలాల గుత్తలు మాట్లాడుకోవడానికి ఊరికి వచ్చినప్పుడు బడి అరుగు మీద కూర్చుని, "ఈ తూరి ఏడో తరగతి ఎవరెవరు పాసయినారు?" అని అడిగేవాడు. పాసయిన మగపిల్లల్ని వెంటబెట్టుకుని నంద్యాల తీసుకుపోయేవాడు. లాడ్జి కింద పెద్ద హాలు ఉండేది, పిల్లలందరూ అందులో పడుకుని, ఆయన ఇంట్లో తిని, హైస్కూలుకు పోయేవాళ్ళు. ఎందుకు చేస్తున్నావప్పా అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒకటే కథ ఉండేది. చిన్నప్పుడు చదువుకోవాలని ఒక్కడే నంద్యాలకు వచ్చి, ఉండే చోటు దొరక్క రైల్వే ప్లాట్‌ఫారం మీద పడుకుంటే, తెల్లారేసరికి పుస్తకాల మూట ఎవరో ఎత్తుకుపోయారట. ఏడ్చుకుంటూ ఊరికి తిరిగొచ్చాడట. అంతటితో ఆయన చదువు సరి.

"మనిషికి గడియ పెట్టుకునేదానికి ఒక తలుపు ఉండాలప్పా. మిగతాదంతా దాని తరువాతనే" అనేవాడు. లాడ్జికి వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పేవాడు. వినేవాళ్ళకు తల ప్రాణం తోకకొచ్చేది గానీ ఆయనకు విసుగు లేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన సంవత్సరం నేను ఏడో తరగతి పాసయ్యాను. ఆ ఎండాకాలం ఆయన అరుగు మీద కూర్చుని, "ఆడపిల్లలు ఒకరూ పాస్ కాలేదా?" అన్నాడు. అందరూ మా నాయన వైపు చూశారు.

"నా బిడ్డ అయింది గానీ, ఆడపిల్ల కదప్పా, యాడికని పంపేది?" అన్నాడు నాయన.

"నా కాడికి పంపు. మిద్దె మీద ఒంటి గది ఉండాది. లోపల గడియ, బయట బీగం. ఎవురూ ఆ పక్క తొంగి సూడరు."

నాయన చాలాసేపు నేల గీకాడు. చివరికి, "సరేప్పా. ఫెయిలయిందంటే మాత్రం నేనే వచ్చి తోలుకపోతా. అమ్మతో పాటు కలుపుకు పోతాది" అన్నాడు. పాసయితే చదువు, ఫెయిలయితే కలుపు. అంతే, మధ్యలో ఇంకో దారి లేదు. నేను సరే అన్నాను. నన్నెవరూ అడగలేదనుకోండి, అయినా అన్నాను.

ఆ గది గురించి చెప్పాలి. లాడ్జి మిద్దె మీద అదొక్కటే గది. పెద్ద పత్తి వ్యాపారులు వస్తే ఇచ్చే గది. నాలుగు పక్కలా గాలి, ఇనుప మంచం, దాని మీద పరుపు, పైన ఫ్యాను, గోడకు నిలువెత్తు అద్దం. మా ఊళ్ళో ఆ భాగ్యం ఎవరికీ లేదు. యజమాని నా చేత గడియ వేయించి, తీయించి, మళ్ళీ వేయించి చూశాడు. "గట్టిగా ఏసుకో పాపా. యముడొచ్చినా తీయొద్దు" అన్నాడు. ఆయన భార్యను ఊరంతా లాడ్జమ్మ అనేవాళ్ళు. పిల్లలు లేరు. ఆమె నాకొక కొత్త దుప్పటి ఇచ్చి కిందికి పోయింది. మగపిల్లలు హాల్లో కేకలు పెడుతూ కొట్టుకుంటున్నారు. నేను మంచం మీద కూర్చున్నాను. అద్దంలో ఇంకో పిల్ల మంచం మీద కూర్చుని నన్ను చూస్తూ ఉంది. ఆ గదిలో నాకున్న తోడు అదొక్కటే.

కంటికి కునుకు రాలేదు. ఆ రాత్రనే కాదు, ఆ సంవత్సరమంతా అంతే. భయమా అంటే భయం కూడా కాదు. దయ్యాలు, దొంగలు నాకు గుర్తుకు కూడా రాలేదు. నా పక్కన ఎవరూ ఊపిరి తీయడం లేదు, అంతే. ఒంటికాయ సొంటికొమ్ములా ఆ పరుపు మధ్యలో పడుకుని, మా ఇంట్లో ఇప్పుడు ఎవరెవరు ఏ పక్కకు తిరిగి ఉంటారో అనుకునేదాన్ని. నా చోట్లోకి ఎవరు జరిగారో, చెల్లెలు ఎవరి మీద కాలేస్తోందో. నేను లేకపోయినా వాళ్ళకు నిద్ర పడుతోంది కదా అని ఒకటే ఏడుపు. ఏడిస్తే తుడిచేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళు కూడా లేరు. తిట్టేవాళ్ళు లేని ఏడుపు ఎంత చప్పగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

రాత్రి రాని నిద్ర పగలు బళ్ళో వచ్చేది. లెక్కల టీచరమ్మ నోరు మంచిది కాదు. "మహారాణీవారు మేలుకున్నారా? పాన్పు మెత్తగా ఉందా?" అనేది. పిల్లలందరూ నవ్వేవాళ్ళు. లాడ్జిలో మేడ గదిలో ఉంటుందట, ఫ్యానుందట, అని వాళ్ళకు ముందే తెలుసు. అందుకే నాతో ఎవరూ జత కట్టలేదు. ఒకర్తె అడిగింది కూడా, "మీ ఇంట్లోవాళ్ళు బాగా ఉన్నోళ్ళా?" అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అర్ధసంవత్సర పరీక్షలో తప్పాను. యజమాని మార్కులు చూసి కాగితం మడిచి నా చేతికిచ్చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టే మనిషి కాదు, వసతి చూసే మనిషి. గిరాకీకి ఇబ్బంది ఉంటే రూములో ఏదో తక్కువయిందని లెక్క. మర్నాడే ఒక మేజా, కుర్చీ పైకి ఎక్కించాడు. దీపం ఇంకా పెద్దది పెట్టించాడు. హాల్లోకి పోయి మగపిల్లలను నిలబెట్టి, "ఇంగ ఎవురూ మిద్దె మీదికి పోగూడదు. పాప సదువుకుంటాంది. అలికిడి యినపడితే తోలు తీస్తా" అన్నాడు.

అయ్యో దేవుడా! సాయంకాలం ఆ పిల్లలు బట్టలు ఆరేసుకోవడానికి పైకి వచ్చి నా తలుపు ముందు గాలిపటాల కోసం కొట్టుకునేవాళ్ళు. ఆ మిద్దె మీద నాకు వినపడే మనుషుల గొంతులు అవొక్కటే. అవి కూడా పోయాయి. పాపం, ఆయన నా మంచికే చేశాడు, కాదనను. ఆయన మంచి చేసే కొద్దీ నా గది ఇంకా నిశ్శబ్దమైంది.

నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారు. ఏమని చెప్పాలి? "అప్పా, నువ్విచ్చిన గది నాకొద్దు, కింద పిల్లలందరిలో నన్నూ పడేయ్" అనాలా? ఆ కాలంలో ఆడపిల్ల నోట ఆ మాట వస్తే ఇంకేమన్నా ఉందా! పోనీ పక్కన పడుకోండమ్మా అని లాడ్జమ్మను అడుగుదామంటే, ఆమె పొద్దున లేచింది మొదలు అందరికీ సంగటి కెలికి, దుప్పట్లు ఉతికించి, పొద్దు వాలేసరికి నడుం పట్టుకుని కూర్చునేది. ఆమెను అడగడానికి ముఖం చెల్లలేదు.

ఒక్క శివరాత్రికి మాత్రం నా పంట పండింది. మహానందికి, యాగంటికి పోయేవాళ్ళతో లాడ్జి కిటకిటలాడింది. యజమాని తల గోక్కుంటూ వచ్చాడు. "పాపా, ఏమనుకోవద్దు. నీ గది యాత్రోల్లకు ఇయ్యాల్సొచ్చె. ఈ రెండు దినాలు మా ఇంట్లో ఆడోల్లతో సర్దుకో" అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వాళ్ళింటి నడవలో ఎవరెవరో ముసలమ్మలు, చంటిబిడ్డల తల్లులు, బారులు తీరి పడుకుని ఉంటే వాళ్ళ మధ్య దూరాను. ఎవరి మోచెయ్యో నా వీపులో గుచ్చుకుంది. ఎవరిదో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. నేను మొద్దులా నిద్రపోయాను. పొద్దున్నే లాడ్జమ్మ, "పాపం, బిడ్డకు నిద్దరే లేదు" అని నా తల నిమిరింది.

శివరాత్రి అయింది, జనం పోయారు, నా గది నాకు ఇచ్చేశారు. ఆ తరువాత బళ్ళో పెద్ద టీచరమ్మ యజమానిని పిలిపించి, ఈ పిల్ల ఈసారి గట్టెక్కడం కష్టం అని చెప్పింది. ఆయన ఆళ్ళగడ్డ బస్సు కండక్టరుతో మా నాయనకు కబురు చేశాడు.

నాయన చర్చి పంచ కట్టుకుని వచ్చాడు. నా గదిలోకి వచ్చి, చెప్పులు బయటే విడిచి, మంచం మీద కూర్చోకుండా నేల మీద కూర్చున్నాడు. తల ఎత్తి చుట్టూ చూశాడు.

"ఈ మంచం నీకేనా?"

"ఊ."

"ఆ ఫ్యాను?"

"ఊ."

"తలుపు ఏసుకుంటే ఎవురూ రారా?"

"రారు నాయనా."

"మరి ఏం రోగం నీకు?" అన్నాడు. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ కష్టంగా ఉంది. "ఇంత సుకం పెట్టినా సదువు రాలేదంటే నీ నెత్తిలోనే లేదు మే. ఆయప్పను ఇంగ కష్టపెట్టేది వద్దు. పొద్దన్నే మొదటి బస్సుకు పోదాం."

ఆ గదే నా మీద సాక్ష్యం చెప్పింది. ఇంటికి పోతాను కదా అని ఒక పక్క సంతోషం, ఇంతటితో అయిపోయిందా అని ఒక పక్క గుండెలో రాయి. పెట్టె సర్దుకున్నాను.

నాయన రాత్రికి బస్టాండులో పడుకుంటానంటే యజమాని పోనివ్వలేదు. "నా ఊరోడివి, నా లాడ్జికి వస్తివి" అని ముందువైపు గది తెరిపించి, బీగంచెవి చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో మా వాళ్ళకు లాడ్జిలో గది ఇచ్చేవాళ్ళే తక్కువ. నాయన ఆ బీగంచెవిని జేబులో వేసుకుని మాటిమాటికీ తడుముకుంటూ తిరిగాడు. ఆయన ముఖంలో ఆ సంబరం చూసి, ఎందుకో తెలియదు, నాకు ఆయన మీద చచ్చేంత జాలి వేసింది.

తెల్లవారి పెట్టె పట్టుకుని కిందికి దిగాను. లాడ్జి ముందు వసారాలో మొదటి బస్సు కోసం కాచుకున్నవాళ్ళు, బేతంచెర్ల బండల లారీలవాళ్ళు ఎప్పుడూ పడుకుని ఉండేవాళ్ళు. ఆ రోజు వాళ్ళ మధ్యలో, ముఖాన తువ్వాలు కప్పుకుని మా నాయన. ఆయన తలదగ్గర వేపపుల్ల నోట్లో పెట్టుకుని యజమాని నిలబడి ఉన్నాడు. ఎవరో చెంప మీద కొట్టినట్టుంది ఆయన ముఖం.

"ఏమప్పా, రూములో దోమలుండాయా?" అన్నాడు.

నాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "లేవప్పా."

"ఫ్యాను ఆగిపాయనా?"

"లేదప్పా, బాగనే తిరుగుతాంది."

"మరి ఈ బండల మీద పండుకుంటివే, నా పరువు ఏం గావాల?"

నాయన తువ్వాలు మడిచాడు, మళ్ళీ విప్పాడు. "కోపం సేసుకోవద్దప్పా. ఒక్కన్నే పండుకునేది నాకు రాదు. తలుపు ఏస్తానే నన్నెవురో పాతిపెట్టినట్లాయె. ఈడికొచ్చి ఈళ్ళ మధ్యలో పడితి. పడతానే నిద్దర పట్టె."

"నాకూ అంతే నాయనా" అన్నాను.

అనాలని అనలేదు. నోట్లోంచి పడిపోయింది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నాకూ అంతే. వచ్చినప్పటి నుంచీ అంతే" అని, అక్కడే మెట్ల మీద కూర్చుని భోరున ఏడ్చాను. లారీలవాళ్ళు కూడా లేచి కూర్చుని చూశారు. చూడనీ, నాకేం!

యజమాని నోట్లోంచి వేపపుల్ల తీసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన బతుకంతా నమ్ముకున్న మాట అది, తలుపుకు గడియ ఉంటే మనిషి రాజు అని. కాఫీ గ్లాసులతో వచ్చిన లాడ్జమ్మ సంగతి విని నా మీద పడింది. "ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకోనుంటివి మే?" అని. ఆ వెంటనే మొగుడి మీదికి తిరిగి, "నీ గడియలు తగలెయ్య! బిడ్డను తీసుకపోయి కొట్టంలో ఆవును కట్టేసినట్ల కట్టేస్తివి" అంది.

అప్పుడు మా నాయన ఒక పని చేశాడు, నేను అనుకోనిది. నా పెట్టె తీసి భుజాన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు. నిన్న మాట్లాడిన మనిషి కాదు. "ఇంత ఉంటే చెప్పకపోతివే పాపా. పా, ఇంటికి పోదాం. సదువు లేకపోతే మాన్లే. మేమంతా లేమా? అవ్వ పక్కన పండుకుందువు పా" అన్నాడు.

ఆ సంవత్సరమంతా నేను కోరుకున్నది ఆ మాటే. ఫెయిలయినందుకు కాదు, తిట్టి కాదు, బిడ్డ ఒంటరిగా ఉందని వచ్చి తీసుకుపోవడం. కానీ ఆ మాట విన్నాక నా కాళ్ళు కదల్లేదు. తోలుకపోతానంటే తల వంచుకుని పోయేదాన్నేమో. రమ్మని పిలిచాడు కాబట్టి, పోవాలో వద్దో నేనే చెప్పాల్సి వచ్చింది. పోతే అవ్వ పక్కన నిద్ర. తెల్లవారితే కలుపు, మళ్ళీ అవ్వ పక్కన నిద్ర, మళ్ళీ కలుపు. మా అమ్మ బతుకు అది. అమ్మకు నిద్ర మాత్రం బాగా పట్టేది, పాపం.

"నేను రాను నాయనా" అన్నాను.

"ఒక్కదానివే ఉంటావా?"

"ఉంటా."

"నిద్దర?"

"నేర్చుకుంటా."

నాయన పెట్టె దింపాడు. మొదటి బస్సుకు ఒక్కడే పోయాడు. బస్సు కిటికీలోంచి చూస్తాడని నేను వసారాలోనే నిలబడ్డాను. జనంలో ఆయనకు అవతల పక్క సీటు దొరికినట్టుంది, కనపడలేదు.

ఆ రాత్రి నుంచి లాడ్జమ్మ నడుం నొప్పితోనే మెట్లెక్కి వచ్చి నా గదిలో చాప వేసుకుంది. మొగుడి మీద చాడీలు చెబుతూ చెబుతూ నిద్రపోయేది. పాసయ్యాను, ఏదో గట్టున పడినట్టు. యజమాని ఆ మరుసటి ఎండాకాలం ఊళ్ళో అరుగు మీద కొత్త మాట మొదలుపెట్టాడు. "ఆడపిల్లను ఒక్కదాన్నయితే నేను తీసుకపోను. జత సూపండి. ఇద్దరొస్తే ఇద్దరినీ సదివిస్తా" అని. ఒక పిల్ల పాసయితే, ఆ పిల్లకు జత కోసం ఆయనే పక్క ఊళ్ళు తిరిగేవాడు. అట్లా బడి మానేసి కూర్చున్న పిల్లలు కూడా ఎందరో చదువుకున్నారు. ఇద్దరిద్దరు గదుల్లో గుసగుసలాడుకుంటూ, నవ్వుకుంటూ ఉండేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు కడుపు మండేది. వాళ్ళంతా చిన్న తరగతులవాళ్ళు, నాకు జత మాత్రం ఎవరూ రాలేదు. లాడ్జమ్మకు కూడా రానురాను మెట్లెక్కడం కష్టమైంది. నేను చెప్పినట్టే నేర్చుకున్నాను. పది పాసయ్యాను, ఇంటరయ్యాను, ట్రైనింగు చేశాను.

ఎనభైల్లో నాకు ఆళ్ళగడ్డ పక్కన ఉద్యోగం వచ్చింది. ఆళ్ళగడ్డలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. సెలవులకు ఊరికి పోయేదాన్ని. అవ్వ అప్పటికే చనిపోయింది, తక్కిన వరస అట్లాగే ఉంది. చెల్లెలు తన బిడ్డతో వచ్చేది. నా చోటు నాకు పరిచేవాళ్ళు. ఇక అప్పుడు నా బాధ చూడాలి. ఎవరో దగ్గితే మెలకువ, ఎవరి చెయ్యో తగిలితే ఉలికిపాటు. ఊపిర్లన్నీ చెవిలోనే తీస్తున్నట్టుండేది. తెల్లార్లూ అటూ ఇటూ పొర్లి, పగలు ఆవలిస్తూ కూర్చునేదాన్ని. కొత్త చోటు కదా అని అమ్మ అనేది. అమ్మా, నేను పుట్టిన చోటు ఇది, అనబోయి ఊరుకున్నాను. నాయన మాత్రం చూస్తూ ఉన్నాడు.

మరుసటి క్రిస్మస్‌కు పోయేసరికి మా మిద్దె మీద ఒక చిన్న గది లేచి ఉంది. నాయన బేతంచెర్ల బండలు మోసుకొచ్చి పరిచాడు. గోడలకు సున్నం కూడా కొట్టించాడు. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు, సంబరం పట్టలేకపోతున్నాడు.

"నీకు ఒంటి గది ఏయించినా పాపా. మా మధ్యలో నీకు నిద్దర పడతాలేదని నాకు తెలుసులే. పండుకో పో. పిల్లోల్లను ఎవురినీ ఈ పక్కకు రానీను" అన్నాడు.

ఆయన దిగిపోయాక తలుపు వేసుకున్నాను. కింద అందరూ వరసగా పడుకుని ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. చెల్లెలి బిడ్డ పెద్దమ్మ ఏదని అడిగితే, పడుకుంది, అరవద్దు, అని నాయన కసురుకోవడం వినపడింది. పరుపు మీద ఒరిగానో లేదో నిద్ర పట్టేసింది, ఒక్క కునుకులో తెల్లారింది. అంత హాయిగా నిద్ర పట్టినందుకే, పొద్దున లేచి, కింది వాళ్ళకు వినపడకుండా ఏడ్చాను.